తాత పోలిక

శారదానది గట్టు తెగి మునగపాక చెరకు చేలల్లో తొమ్మిది రోజులు నీళ్లు నిలబడిపోయిన ఏడు అది. అంకెలో చెప్పమంటే రెండువేల అయిదు. అంకెలు ఎవరికి గుర్తుంటాయి? ఆ పక్క ఎవరినడిగినా ఫలానా పెళ్లి వరదకి ముందు, ఫలానా చావు వరద తరవాత అనే చెబుతారు. ఆ లెక్కన లోవలక్ష్మి వరదకి రెండున్నరేళ్ల ముందు పుట్టింది. తుని దగ్గర లోవ తల్లికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. అందరూ లోవ అనేవారు. వరద నాటికి పిల్ల నడిచేది, పరిగెత్తేది, కోడిపిల్లల్ని తరిమేది. మాట మాత్రం లేదు. అమ్మ అనలేదు, తాత అనలేదు.

దాని తాత త్రినాధరావు బెల్లం వండే మనిషి. అనకాపల్లి నుంచి మునగపాక వెళ్లే రోడ్డు పక్కన ఒక రైతు క్రషర్ పాకలో ముప్పై ఏళ్లుగా అతనే వంటకాడు. చెరకు రసం పెనంలో మరిగి మరిగి ఎప్పుడు పాకానికి వచ్చిందో అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. ఇంత పాకం తీసి చల్లనీళ్లలో వేసి, వేళ్ల మధ్య నులిమి చూసి ‘దించండి’ అనేవాడు. రోజుకి అయిదు పెనాలు వండితే అయిదుసార్లు ఆ మాట. అతను రోజు మొత్తానికి మాట్లాడేదాంట్లో సగం అదేనని పాకలో పనివాళ్లు నవ్వుకునేవారు.

భార్య మరిడమ్మ అయితే అందరి ఎదుటా అనేది. “ఈ మనిసితో నలబయ్యేళ్లు కాపరం సేసేను. మేవిద్దరం మాటాడుకున్నదంతా మూటగడితే ఒక పేరంటానికి సాలదు.”

అతను ఆ మాటకీ నవ్వి ఊరుకునేవాడు.

పిల్లకి ఏడాదిన్నర వచ్చినప్పుడే దాని తల్లికి, అంటే కోడలు కుమారికి, అనుమానం వచ్చింది. టీకా వేయించడానికి తీసుకెళ్తే నర్సమ్మ పిల్ల వెనకాల నిలబడి చప్పట్లు కొట్టి చూసింది. తరవాత ఒక చీటీ రాసి ఇచ్చి, విశాఖపట్నంలో చెవుల డాక్టరుకి చూపించమంది. కుమారి ఇంటికొచ్చి అత్తకి చెప్పింది. కుమారి మొగుడు లారీ మీద తిరిగే మనిషి, పది రోజులకోసారి ఇంటి ముఖం చూస్తాడు. ఇక అడగవలసింది మామగారినే.

మరిడమ్మ అప్పటికే రోజూ వసకొమ్ము అరగదీసి తేనెలో కలిపి పిల్ల నాలిక్కి రాస్తోంది. “వస పని సెయ్యడానికి ఆర్నెల్లు పడతాది. అప్పుడే ఆసుపత్రేటే?” అంది.

అప్పుడు త్రినాధరావు నోరు తెరిచాడు. “నానూ నాలుగేళ్లొచ్చేదాకా మాటాడలేదని మాయమ్మ సెప్పీది. గుంట తాత పోలిక. ఒగ్గీండి.”

అంతే. పిల్లని అలా వదిలెయ్యమనేశాడు. నెలకి నాలుగు మాటలు మాట్లాడని మనిషి ఒక్కసారిగా అంత మాట్లాడేసరికి ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. వాగేవాడి మాటైతే ఎవరైనా తోసిపారేస్తారు. ఇతని మాట రాయి వేసినట్టు అక్కడే ఉండిపోయింది. ఫోనులో కొడుకు కూడా “నాన్న సెప్పేక ఇంకేటి” అన్నాడట. కుమారి ఆ చీటీని మడతపెట్టి, ప్లాస్టిక్కు కవర్లో చుట్టి, తన ట్రంకుపెట్టె అడుగున దాచుకుంది.

నిజం చెప్పాలంటే ఆ మాట అన్నప్పుడు త్రినాధరావుకి లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. ఇద్దరు కొడుకులున్నా ఒక్కడికీ తన పోలిక రాలేదు. ఇద్దరూ తల్లిలా వసపిట్టలు. ఇన్నాళ్లకి తనలాంటిది ఒకటి పుట్టింది. క్రషర్ సీజనంతా అతను పిల్లని వెంట తీసుకుపోయేవాడు. పొయ్యికి దూరంగా చెరకు పిప్పి మీద కూర్చోబెట్టి, దించిన పెనంలోంచి వేడి బెల్లం చెరకాకులో ఇంత పెట్టి ఊది ఇచ్చేవాడు. అది తిని అతని కళ్లలోకి చూసేది. అతనూ చూసేవాడు. మాటల్తో పని లేకుండా తామిద్దరికీ అన్నీ తెలిసిపోతున్నాయని అతనికి అనిపించేది. ముప్పై ఏళ్లలో పాకలో అతనికి అంత బాగా ఎప్పుడూ పొద్దుపోలేదు.

ఇక చెవుడు కాదనడానికి అతని దగ్గర గట్టి రుజువే ఉంది. క్రషర్ తిప్పే ఆయిలింజను స్టార్టయితే చాలు, పిల్ల ఎటు తిరిగి ఆడుకుంటున్నా ఉలిక్కిపడి పరిగెత్తుకొచ్చి అతని కాళ్లు చుట్టుకునేది. ప్రతి పూటా అదే. చెవుడు పిల్లకి ఇంజను వినబడుతుందా?

వరద వచ్చింది. నది గట్టు తెగిన రోజు మధ్యాహ్నం, అందరినీ బడికి పొమ్మని చెప్పడానికి మైకు కట్టుకుని ఒక జీపు వీధిలోకి వచ్చింది. లోవ వీధి మధ్యన మోకాలి లోతు లేని నీళ్లలో గొంతుక్కూర్చుని కొబ్బరిచిప్ప తోసుకుంటోంది. జీపు వెనకనించి వస్తోంది. మైకు అరుస్తోంది. డ్రైవరు ఒకసారి హారను కొట్టాడు, రెండుసార్లు కొట్టాడు, తరవాత చెయ్యి తియ్యకుండా నొక్కిపట్టాడు. పిల్ల తల తిప్పలేదు. అటక మీద బియ్యం బస్తా సర్దుతున్న కుమారి చూసి, దూకి, పడి, లేచి వెళ్లి పిల్లని రెక్కపట్టి లాగింది. అప్పటికి జీపు ముందు చక్రం మూరెడు దూరంలో ఆగింది.

“ఏటమ్మా, నీ పిల్లకి సెవుడేటి?” అని కేకలేశాడు డ్రైవరు. “ఈ నీళ్లల్లో బ్రేకు పడకపోతే నాను జైలుకెల్దును గదా!”

ఆ సాయంత్రం బడి వరండాలో, ఊరంతా ఉన్నచోట, కుమారి మామగారి ఎదుటకి వచ్చి నిలబడింది. ఆ పిల్ల అంత ధైర్యం ఎప్పుడూ చెయ్యలేదు.

“మావయ్యా, నీళ్లు తీసేక పిల్లని విశాపట్నం తీసుకెల్తాను.”

“దేనికి?”

“దేనికంటారేటి మావయ్యా? మైకు ఇనలేదు. హారనూ ఇనలేదు.”

“ఆటలో ఉంది. ఆటలో ఉన్న గుంట ఇంటాదా?” అన్నాడు త్రినాధరావు. “ఇంజను ఇనబడతాది దానికి. నా కల్లతో సూసేను. ఒగ్గీ” అన్నాడు.

పక్కన చాప మీదున్న ముసలమ్మ ఒకామె నవ్వింది. “ఓలమ్మ, త్రినాధరావు ఇన్ని మాటలాడేడు! అందుకే వరదొచ్చింది.” అందరూ నవ్వారు. కుమారి పిల్లని ఎత్తుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

నీళ్లు తీశాయి. సీజను మొదలైంది. వరదలో నానిన చెరకులో పస లేదు. ఎంత వండినా బెల్లం దిమ్మ గట్టిపడేది కాదు, చేత్తో నొక్కితే గుంట పడేది. త్రినాధరావు ఆ చిరాకులోనే ఉండేవాడు. లోవ యథాప్రకారం వెంట వచ్చేది.

ఇంజను నడిపేవాడు ఎలియాజరు. ఆదివారం చర్చికి పోవడం, మిగతా ఆరు రోజులూ ఇంజనుతో మాట్లాడుకోవడం అతని పని. త్రినాధరావుని మావా అంటాడు. ఒక రోజు పొద్దున్న టీ తాగుతూ పక్కన వచ్చి కూర్చున్నాడు.

“మావా, ఒకటి సెప్తాను, కోప్పడకు. నువ్వు కోపమొచ్చినా తిట్టవు, అదొకటే నాకు దైర్యం.”

త్రినాధరావు గ్లాసు కింద పెట్టాడు.

“నాలుగు రోజులబట్టి సూత్తన్నాను. గుంట పిప్పిమోపు మీద ఎత్తుగా పడుకున్నప్పుడు ఇంజను కొట్టేను. లెగలేదు. బండి మీద కూకున్నప్పుడు కొట్టేను. తిరిగి సూడలేదు. నేల మీద నిలబడితేనే పరిగెడతన్నాది మావా. దానికి ఇనబడతన్నాది సెవిలో కాదు. నేల అదురుద్ది గదా. కాళ్లల్లో తెలుత్తన్నాది.”

త్రినాధరావు లేచాడు. పిప్పిలో ఆడుకుంటున్న పిల్లని తీసుకొచ్చి భుజం మీద వేసుకుని ఇంజనుకి అయిదడుగుల దూరంలో నిలబడ్డాడు. పిల్ల మొహం వెనక్కి ఉంది.

“కొట్టు” అన్నాడు.

ఎలియాజరు హ్యాండిలు తిప్పాడు. ఇంజను పెద్దగా దగ్గి, పొగ చిమ్మి, అందుకుంది. ఆ చప్పుడుకి పాక పైన ఉన్న కాకులు లేచిపోయాయి. పిల్ల అతని తలపాగా చెంగు నోట్లో పెట్టుకుని నములుతోంది. అలాగే నములుతూ ఉంది.

అతను నెమ్మదిగా వంగి దాన్ని నేల మీద దించాడు. ఉత్త కాళ్లు నేలకి ఆనాయో లేదో పిల్ల ఒళ్లు బిగుసుకుంది. గిరుక్కున తిరిగి అతని మోకాళ్లు చుట్టుకుంది.

“ఆపు.” ఇంజను ఆగింది. మళ్లీ ఎత్తుకున్నాడు. “కొట్టు.” చెంగు నములుతోంది. “ఆపు.” మూడోసారి కూడా “కొట్టు” అన్నాడు. ఎలియాజరు కళ్లు తుడుచుకుంటూ “ఇంక సాలు మావా” అన్నాడు గాని హ్యాండిలు తిప్పాడు.

అటువైపు పొయ్యి దగ్గర మనుషులు గోల పెడుతున్నారు. “తాతా! పాకం ముదిరిపోతన్నాది! దించమంతావా, వొద్దంతావా?” అతనికి వినబడింది. నోరు రాలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి అతని చేతికింద పెనం మాడింది. ఆ మాడువాసన రోడ్డు దాకా వచ్చింది.

అతను పిల్లని ఒళ్లో పెట్టుకుని పిప్పి మీద కూలబడ్డాడు. ఇన్నాళ్లూ తామిద్దరం ఒకచోట కూర్చున్నామనుకున్నాడు. పిల్ల ఎక్కడ కూర్చుందో అతనికి అప్పుడు తెలిసింది. అక్కడికి అతని మాట ఏనాడూ చేరలేదు. చేరలేదని తెలుసుకోడానికైనా అతను మాట్లాడి ఉండాలిగా.

మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. కుమారి బట్టలు ఆరేస్తోంది. “రేపు ఎల్దాం” అన్నాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. తడి బట్ట చేతిలోనే ఉంది. లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడయింది.

ఎలియాజరు చెల్లెలి కూతురు ఫెబా విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో చెవులు పరీక్షించి, మాట నేర్పే పని చేస్తోంది. పాతికేళ్ల పిల్ల. మర్నాడు మామా కోడలూ లోవని ఆమె దగ్గరికే తీసుకెళ్లారు. ఆ రోజంతా ఆమె లోవని చూసింది. వెనకనించి గిలక్కాయలు ఆడించింది, డోలు కొట్టింది. మందు తాగించి నిద్రపుచ్చి తలకి వైర్లు పెట్టి యంత్రంలో చూసింది. త్రినాధరావు తలుపు దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

సాయంత్రం ముగ్గురినీ లోపలికి పిలిచింది. “రెండు చెవులూ అంతేనమ్మా. చాలా తక్కువ వినికిడి ఉంది. పుట్టుకతోనే వచ్చి ఉంటుంది. చెవులకి మెషిన్లు పెడదాం. దాంతో పెద్ద చప్పుళ్లు తెలుస్తాయి, కొంచెం కొంచెం మాట అందొచ్చు. మిగిలింది మనం నేర్పాలి. కష్టమే.” అంటూ కాయితాలు చూస్తూ నర్సమ్మ రాసిన చీటీ విప్పింది. కింద తేదీ చూసి ఆగిపోయింది.

“ఇది రాసి ఏడాదిన్నర అయిందే! మాట పట్టే వయసంతా అందులోనే పోయింది. ఇన్నాళ్లూ ఎందుకు తీసుకురాలేదమ్మా?”

కుమారి తల వంచుకుంది. “నాకు కుదరలేదండి” అంది.

ఆ గదిలో ఫ్యాను కిరకిరమంటోంది. త్రినాధరావు కుమారి వంక చూశాడు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఊరుకోవడం అతనికి వచ్చిన విద్యే.

“ఆ పిల్ల కాదు” అన్నాడు. “నాను ఆపేను. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నానే ఆపేను.”

కుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫెబా చీటీ మడిచి పక్కన పెట్టింది. అతన్ని ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

“పిల్ల రోజూ ఎవరి దగ్గర ఎక్కువ ఉంటుంది తాతగారూ?”

“నా దగ్గరే.”

“అయితే మీరే మాట్లాడాలి. పొద్దున్న లేచిన దగ్గరనించి. అన్నం పెడితే అన్నం అనాలి, నీళ్లిస్తే నీళ్లు అనాలి. పది రోజులు కాదు, ఏళ్లు. పిల్ల ఎదురుగా కూర్చోవాలి, వెలుతురు మీ మొహం మీద పడాలి. మీ పెదాలు ఎలా కదులుతున్నాయో చూసి అది నేర్చుకుంటుంది.” అని అతని మొహంలోకి చూసి ఒక్క క్షణం ఆగింది. పై పెదవి పూర్తిగా కప్పేసి, కింది పెదవి మీదికి కూడా వాలిన గుబురు మీసం. “మీ పెదాలేవీ తాతగారూ?” అంది మెల్లగా.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిల్ల అతని ఒళ్లో నిద్రపోయింది. రేపటినించి దీనితో ఏం మాట్లాడాలి అని అతను వెతుక్కున్నాడు. అనకాపల్లి వచ్చేదాకా వెతికినా దించండి, కొట్టు, ఆపు, ఒగ్గీండి తప్ప నోటికి రాలేదు.

మర్నాడు తెల్లారగానే త్రినాధరావు సెంటరులో వెంకటరమణ క్షవరం కొట్టుకి వెళ్లాడు. వెంకటరమణ అప్పుడే తలుపు తీసి అద్దం తుడుస్తున్నాడు.

“గడ్డమా బాబూ?”

“మీసం. తీసీ.”

వెంకటరమణ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. మా వైపు మగవాడు మీసం తీశాడంటే ఇంట్లో చావైనట్టే. “ఓరి నాయనో! ఎవులు పోయేరు బాబూ? మరిడమ్మ బాగుందా?”

“ఎవులూ పోలేదు.”

“పోకుండా మీసం తీత్తారేటి? మీ అయ్య కర్మకి మా బాబు తీసేడు ఈ మీసం. మల్లీ కత్తి పడలేదు దీనిమీద. పొద్దుటే నాసేత ఈ పనేటి బాబూ, పాపం నాకు సుట్టుకుంటాది.”

“గుంటకి కనబడాలి” అన్నాడు త్రినాధరావు.

వెంకటరమణకి అర్థం కాలేదు. అయినా ఆ మొహం చూసి ఇంకేం అడగలేదు. నీళ్లు రాసి కత్తి పెట్టాడు.

ఇంటికి వచ్చే దారిలో ముగ్గురు ఆపి ఎవరు పోయారని అడిగారు. ముగ్గురికీ తల అడ్డంగా ఊపి వచ్చేశాడు. మరిడమ్మ గుమ్మంలో చూసి గుండె బాదుకుంది. “ఓలమ్మో, నాను బతికుండగానే నాకు దినం సేసీసేవేటయ్యా!” అని కేకేసింది. అతను ఆమెని దాటుకుని పెరట్లోకి వెళ్లి తూర్పుకి మొహం పెట్టి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎండ మొహం మీద పడింది. ముప్పై ఏళ్లు ఎండ తగలని పై పెదవి పాలిపోయి, తడిగా, వేరే ఎవరిదోలా ఉంది.

“కుమారీ, గుంటని తే.”

కుమారి పిల్లని తెచ్చి ఎదురుగా నిలబెట్టింది. లోవ అతని మొహం చూసింది. గుర్తుపట్టలేదు. కళ్లు పెద్దవి చేసి, పెదవులు విరిచి, ఏడుపు ఎత్తుకుని తల్లి చీరలో తల దూర్చేసింది.

“తరవాత సేద్దుం మావయ్యా, బయపడతన్నాది” అంది కుమారి.

అతను లేవలేదు. కూర్చున్నచోటినుంచే జరిగి, పిల్ల మొహం ఎటుందో అటు వచ్చాడు. దాని పేరు అది పుట్టి ఇన్నాళ్లయినా ఒక్కసారీ వినలేదు కదా, అందుకని దానితోనే మొదలుపెట్టాడు.

“లోవ” అన్నాడు, నోరు బాగా తెరిచి.

పిల్ల ఇంకోవైపుకి తిరిగి దాక్కుంది. అతను అటూ జరిగాడు. “లోవ.” క్రషర్ పాకనుంచి మనిషి వచ్చి, పెనం ఎక్కించేశారు రమ్మంటున్నారని పెరటి దడి అవతలనించి పిలిచాడు. త్రినాధరావు వెనక్కి చూడకుండా చేత్తోనే పొమ్మన్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా, గొంతు పూర్తిగా బొంగురుపోయేదాకా, ఆ ఒక్క మాటే అంటూ పిల్ల చుట్టూ నేల మీద జరుగుతూనే ఉన్నాడు.